శుక్రవారం ఎకేకోకి ఒక సిగరెట్

ఆ శుక్రవారం పొద్దున జెనోబియో కయిసాయ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన పెద్ద ఇత్తడి బాకా, తూబాకి మెరుగు పెట్టాలి, పదింటికి రిహార్సల్‌కి వెళ్ళి రావాలి, యూనిఫాం ఇస్త్రీ చేసుకోవాలి, ఒక గిన్నెడు వేడివేడి చైరో పులుసు తాగి పెందలాడే పడుకోవాలి. శనివారం తెల్లవారేసరికి గ్రాన్ పోదెర్ జాతర ఊరేగింపులో బ్యాండు చివరి వరసలో, మూడు తూబాలలో నడిమి తూబా మోస్తూ నిలబడాలి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళుగా అదే వరసలో అదే చోట నిలబడుతున్న మనిషి, ఇంతకన్నా పెద్ద కోరికలేం కోరతాడు?

అయితే ఆ నడిమి చోటుకి ఒక షరతు ఉంది. పెట్టినవాడు బ్యాండ్ మాస్టర్ హిలారియోన్. నవంబరులో ఒక పెళ్ళిలో పాట మంచి రసపట్టులో ఉండగా జెనోబియోకి దగ్గు తెర పట్టుకుంది. తూబాని తీసుకెళ్ళి పెళ్ళికూతురి తల్లి ఒళ్ళో పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడే మాస్టరు ఇంటికొచ్చి, జెనోబియో భార్య బసీలియా ముందు, అత్తగారు ప్రిమితీవా ముందు వేలు చూపించి మరీ చెప్పాడు.

"ఇదిగో జెనోబియో, ఇవాళ్టి నుంచి నువ్వు ఒక్క సిగరెట్ ముట్టావని తెలిసినా తూబా మా మేనల్లుడు గుమెర్సిందోకి ఇచ్చేస్తా. వాడు ఆకలి మీదున్నాడు."

గుమెర్సిందో తూబా ఊదితే కడుపునొప్పి పట్టిన ఎద్దు అరిచినట్టుంటుందని తాముండే చిహీని పేటంతా ఎరిగిన సంగతే. తన చోట వాడు నిలబడతాడనే ఊహకే జెనోబియోకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే సరే అనేశాడు. ఆ సాయంత్రమే బసీలియా వెళ్ళి వేప్ అనే కరెంటు సిగరెట్ ఒకటి కొనుక్కొచ్చి చేతిలో పెట్టింది. అనాసపండు రుచి.

ఏడు నెలలైంది. ఈ ఏడు నెలలూ జెనోబియో ఎక్కడ నిలబడితే అక్కడ ఎవరో జామ్ ఉడకబెడుతున్నట్టు వాసన. బ్యాండులో డ్రమ్ములవాళ్ళు అతన్ని చూడగానే "పళ్ళరసం బండి వచ్చిందిరోయ్" అని కేకలేసేవాళ్ళు. అది సరిపోక దానికి చార్జింగ్ ఒకటి! "సిగరెట్‌ని ఏ మగాడైనా రాత్రిపూట గోడకి తగిలించి పడుకుంటాడా?" అని బసీలియాని ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు.

అసలు బాధ వాసన కాదు, చార్జింగూ కాదు. తను మానలేదు, మాన్పించారు. తనంతట తాను విసిరికొట్టడం వేరు, ముగ్గురు చేరి చేతిలోంచి లాక్కోవడం వేరు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాక నోట్లో ఏం పెట్టుకోవాలో ఇంకొకరు చెప్పడమేమిటి? ఒక్కటంటే ఒక్క సిగరెట్ తాగి, ఆ తరవాత కూడా తాగాలనిపిస్తుందో లేదో తేల్చుకోవాలని అతనికి ఏడు నెలలుగా లోపల్లోపల రగులుతూనే ఉంది. అయినా నడిమి తూబా గుర్తొచ్చి నోరు మూసుకుని అనాసపండు పీలుస్తున్నాడు.

ఆ పొద్దున బసీలియా చీకటితోనే లేచి, అమ్మడానికి ఊదా మొక్కజొన్న జావ, 'ఆపి', కాచి, కుండలు బండి మీదకెక్కించి బజారుకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తన ఫోనుకోసం చార్జింగ్ తీగ సంచిలో వేసుకుపోయింది. ఆ సంగతి జెనోబియోకి తెలియదు. తొమ్మిదిన్నరకి అత్తగారు కూడా తల మీద టోపీ సర్దుకుంటూ బయల్దేరింది. డెబ్బై నాలుగేళ్ళ ముసలమ్మ. నడుం వంగలేదు, గొంతు అసలే వంగలేదు.

"అల్లుడూ, గుళ్ళో పూలు కట్టడానికి రమ్మన్నారు. వచ్చేసరికి ఆలస్యమవుద్ది. ఇవాళ ఎకేకోకి నువ్వే సిగరెట్ పెట్టాలి."

ముందుగదిలో అరుగు మీద, రేడియో పక్కన, ఎకేకో రెండు చేతులూ చాచి నవ్వుతున్నాడు. మూరెడు మట్టి బొమ్మ. నల్ల మీసం, ఎర్ర బుగ్గలు, సిగరెట్ దూరేంత గుండ్రటి నోరు. ఒంటినిండా ఇంటివాళ్ళు కోరుకున్నవన్నీ చిట్టిచిట్టి బొమ్మలై వేలాడుతున్నాయి. బియ్యం మూటలు, ఇటుకలు, కుట్టుమిషను, వేలెడంత తూబా. ఇవన్నీ ఇచ్చేవాడికి శుక్రవారం శుక్రవారం సిగరెట్ ఒక్కటి ఇవ్వకపోతే అలుగుతాడు మరి.

"అగ్గిపుల్లతో బయటే అంటించు. నువ్వు మాత్రం నోట్లో పెట్టుకున్నావో, హిలారియోన్ దాకా ఎందుకు, నేనే నీ తూబా ఎత్తుకెళ్ళి ఆ గుమెర్సిందోకి ఇచ్చేసొస్తా."

"నోట్లో పెట్టుకుని లాగకపోతే సిగరెట్ ఎలా అంటుకుంటుంది అత్తయ్యా?"

"ఇన్నేళ్ళుగా నేను అంటించట్లా? వెలిగించి ఆయన నోట్లో పెట్టి నీ రిహార్సల్‌కి నువ్వు పో. సగం తాగుతాడు, సగం వదిలేస్తాడు. ఎప్పుడూ అంతే."

ఆమె తలుపు దాటగానే జెనోబియో వేప్ తీసి ఒక దమ్ము పీల్చబోయాడు. దాని చివర దీపం మూడుసార్లు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. తీగ కోసం గదంతా గాలించాడు. పరుపు కింద, తూబా పెట్టెలో, బొగ్గుల పొయ్యి వెనక, ఎక్కడా లేదు. చివరికి వచ్చి ఎకేకో ముందు ఆగాడు. ఆయన ముందు పళ్ళెంలో తెల్లగా, బిగుతుగా, సున్నితంగా ఒక సిగరెట్, దాని పక్కన అగ్గిపెట్టె.

"ఏంటలా నవ్వుతావ్?" అని అడిగాడు జెనోబియో బొమ్మని. "నీకెవరూ షరతులు పెట్టలేదు కాబట్టి నవ్వుతావ్. నీకు ఊపిరితిత్తులు లేవు, అత్తగారు లేదు. మట్టిముద్దవి, నీకు వారానికో సిగరెట్! ఊపిరి పీల్చే మనిషిని, నాకు అనాసపండు! ఇవాళ ఇది నాది. నువ్వొక వారం ఆగితే ఏం మునిగిపోదు."

వెలిగించాడు. కళ్ళు మూసుకుని గుండెలనిండా లాగాడు. ఏడు నెలల కల.

తడిసిన గోనెసంచి తగలబెట్టి ఆ బూడిద నాలిక మీద పోసినట్టుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇదేనా? దీనికోసమేనా తను ఏడు నెలలు అలమటించింది? పాడైపోయిందేమోనని ఎకేకో వెనకున్న సిగరెట్ పెట్టె తీసి చూశాడు. నిన్న కొన్నదే. మళ్ళీ లాగాడు. ఇంకా ఘోరంగా ఉంది. బుద్ధున్నవాడైతే అక్కడితో ఆర్పేసి పోయి నోరు కడుక్కునేవాడు. కానీ జెనోబియోకి రోషం ముంచుకొచ్చింది. ఏడు నెలలు వద్దన్నారు కదా, చెత్తగా ఉంటే ఉండనీ, నా చెత్త నేనే తాగుతాను, ఎవడొచ్చి ఆపుతాడో చూస్తాను అనుకుని, ఒక్కొక్క దమ్మూ కషాయం మింగినట్టు మింగి, దూది దాకా పూర్తిచేశాడు. పీకని ఎకేకో నోట్లో గుచ్చాడు. అప్పుడు గది గిర్రున తిరిగింది. తడుముకుంటూ వెళ్ళి మంచం తెర వెనక పడిపోయాడు.

ఎంతసేపు పడి ఉన్నాడో తెలియదు. తలుపు చప్పుడుకి మెలకువ వచ్చింది. పూలు తక్కువొచ్చాయని ముసలమ్మ తొందరగా తిరిగొచ్చింది. అడుగులు అరుగు దగ్గర ఆగాయి. ఆ తరవాత మోకాళ్ళు నేలకి తగిలిన శబ్దం.

"ఓరి నా తండ్రీ! నిజంగానే తాగావా?"

ఆ 'నిజంగానే' ఏమిటో జెనోబియోకి అర్థం కాలేదు. ఆలోచించే తీరికా లేదు. ముసలమ్మ గబగబా వాకిట్లోకి పోయి, ఆ ఉమ్మడి వాకిలి చుట్టూ ఉన్న తొమ్మిది ఇళ్ళకీ వినబడేలా అరుస్తోంది. "రండ్రా! రండే! మా ఎకేకో సిగరెట్ మొత్తం తాగేశాడు! దూది దాకా! ఇంట్లో పురుగు లేదు! నేను లేను, అల్లుడు లేడు!"

లేని అల్లుడు వెనక కిటికీ దూకి, సందు చుట్టి తిరిగి, గుమ్మంలోంచి కొత్తగా లోపలికొచ్చాడు. అప్పటికే వాకిట్లో డజనుమంది.

"నువ్వేంటి ఇప్పుడే వచ్చావు?" అంది అత్తగారు.

"సగం దారిలో తల తిరిగితే వెనక్కొచ్చాను అత్తయ్యా." ఆ పొద్దున అతను చెప్పిన వాటిలో సగమైనా నిజమున్న మాట అదొక్కటే.

"తిరగదా మరి! నీ చేత్తో వెలిగించి పెట్టావు, స్వామి తాగాడు. మహిమ!"

మొదట ముందుకొచ్చింది ఎదురింటి నికోలాసా. పదకొండేళ్ళుగా అద్దెకొంపల్లో నానుతున్న విధవరాలు. ఎప్పుడో జాతరలో కొన్న అగ్గిపెట్టెంత ఇంటి బొమ్మని చేతిలో పట్టుకుని, "పిన్నీ, నాక్కూడా ఒకటి పెట్టవూ" అంది. ప్రిమితీవా ఆ బొమ్మని ఎకేకో భుజానికి తగిలించి, సిగరెట్ అగ్గిపుల్లతో అంటించి నోట్లో పెట్టింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఒక సన్నటి పొగ లేచింది, ఆగింది, ఆరిపోయింది. మళ్ళీ అంటించింది. మళ్ళీ ఆరిపోయింది. ముసలమ్మ ముఖం నల్లబడింది.

"అంతే కదా పిన్నీ, నాకెందుకు ఇస్తాడులే," అంటూ నికోలాసా కొంగు నోట్లో కుక్కుకుంది.

వెనక నుంచి టాక్సీ నడిపే ఫ్రోయిలాన్ గొంతు లేచింది. వాడికి ప్రతిదాంట్లోనూ ఆరా. "పిన్నీ, ఆ పొద్దుటి సిగరెట్ అసలెవరు తాగారో కాస్త సరిగ్గా కనుక్కో. ఈ ఇంట్లో ఒకప్పుడు రోజుకో పెట్టె ఊదేసిన మారాజు ఒకడున్నాడు."

పన్నెండు తలలు జెనోబియో వైపు తిరిగాయి. నడిమి తూబా గుమెర్సిందో భుజం మీదకి ఎక్కుతున్నట్టు అతనికి కళ్ళకి కట్టింది. ఒకవైపు ఏడుస్తున్న నికోలాసా, ఇంకోవైపు పళ్ళికిలిస్తున్న ఫ్రోయిలాన్. ఇంకొక్కటి తాగేస్తే ఈ గొడవ ఇక్కడితో ముగిసిపోతుందనిపించింది. నోరు దానంతటదే మాట్లాడేసింది.

"ఇంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే ఎవడు తాగుతాడు? మీరైతే తాగుతారా? ఆయనకి మొహమాటం. పొద్దున ఎవరూ లేరు కాబట్టి తాగాడు. అందరూ బయటికి పదండి. నా చెయ్యి ఆయనకి నచ్చింది, నేను పెడతాను."

అందరూ వాకిట్లోకి వెళ్ళారు. జెనోబియో తలుపు గడియ పెట్టి, నికోలాసా సిగరెట్ తీసి వెలిగించాడు. మొదటిదానికన్నా ఇది నాలుగింతలు చేదు. పదకొండేళ్ళ అద్దెకొంపలు గుర్తు చేసుకుంటూ దూది దాకా తాగాడు. తలుపు తెరిచాడు. పీక చూసి నికోలాసా అతని రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. వాకిలంతా చప్పట్లు.

గొడవ ముగియలేదు, అప్పుడే మొదలైంది. ఫ్రోయిలాన్ జేబులోంచి బొమ్మ కారూ సిగరెట్టూ ఒకేసారి బయటికి తీశాడు. ఇందాకటి ఆరా ఏమైందో మరి! అతని వెనక పట్టా బొమ్మతో నర్సు చదువు పిల్ల, దాని వెనక ఆవు బొమ్మతో మాంసం కొట్టు ఆయన, ఆయన వెనక కుట్టుపని ఆవిడ కవల పిల్లల బొమ్మలతో నిలబడి ఉంది. ఒక్కొక్కరూ లోపలికొచ్చి, బొమ్మ తగిలించి, కోరిక చెవిలో చెప్పి, సిగరెట్ ఇచ్చి పోతున్నారు. గడియ పడుతోంది. జెనోబియో తాగుతున్నాడు. మూడోదానికి వేళ్ళు చల్లబడ్డాయి. నాలుగోదానికి ఎకేకోలు ఇద్దరు కనబడ్డారు, ఇద్దరూ నవ్వుతున్నారు. అయిదోది సగంలో ఉండగా "నాకు బుద్ధి లేదు, సరే, నీకైనా ఉండక్కర్లా?" అని ఆ ఇద్దరినీ తిట్టాడు. ఆరోది ఎలా పూర్తయిందో అతనికే తెలియదు. ప్రతిసారీ తలుపు తెరిచి పీక చూపిస్తున్నప్పుడు ముఖం ఆకుపచ్చగా ఉండటం చూసి జనం దాన్ని భక్తి అనుకున్నారు.

అప్పుడు వాకిట్లో గుంపు రెండుగా చీలింది. నడుముకి బిగించిన కోటులో బ్యాండ్ మాస్టర్ హిలారియోన్ వచ్చాడు.

"రిహార్సల్‌కి ఎందుకు రాలేదయ్యా?"

జెనోబియో నోరు తెరవలేదు. తెరిస్తే ఆరు సిగరెట్లూ బయటికొస్తాయి. అత్తగారే అందుకుంది. "పొద్దున తల తిరిగిందట మాస్టారూ. అయినా ఇక్కడింత మహిమ జరుగుతుంటే రిహార్సలేంటి మీ మొహం!" అంటూ మొత్తం కథ, వాసన తగలని చోటల్లా ఇంకాస్త మసాలా జల్లి చెప్పింది. మాస్టరు కోపం తెచ్చుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన కోపం తెచ్చుకోలేదు. జెనోబియో ముఖంలోకి చాలాసేపు చూశాడు. తరవాత ఫ్రోయిలాన్ దగ్గర ఒక సిగరెట్ అడిగి తీసుకుని లోపలికొచ్చాడు.

"నువ్వు అటు తిరుగు," అన్నాడు జెనోబియోతో.

జెనోబియో గోడ వైపు తిరిగాడు. మాస్టరు బొమ్మ చెవి దగ్గర గుసగుసలాడాడు. నలభై ఏళ్ళు డప్పుల మీద అరిచిన గొంతు, దాని గుసగుస నాలుగిళ్ళకి వినబడుతుంది.

"తండ్రీ, నేను బొమ్మ ఏదీ తేలేదు. ఊపిరికి బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? ఆ జెనోబియోగాడి ఛాతీని రేపొక్క రోజు కాపాడు. మొహం చూస్తే భయమేస్తోంది. మా మేనల్లుడి పేరు ఊరికే బెదిరించడానికి చెప్పాను గానీ, వాడు ఊదితే నా బ్యాండు బ్యాండేనా? వీడు లేని వరస నేను చూడలేను. ఒక్క రోజు. ఇది తాగు."

బయటికెళ్ళాడు. గడియ పడింది. ఏడో సిగరెట్ జెనోబియో చేతిలో ఉంది.

అతనికి ఏడుపొచ్చింది. పొగ వల్ల కాదు. ఇరవై రెండేళ్ళలో మాస్టరు నోటి వెంట ఇలాంటి మాట ఒక్కటీ వినలేదు. తన ఊపిరి బాగుండాలని ఇచ్చిన సిగరెట్‌ని ఇప్పుడు తను తాగాలి. అగ్గిపుల్ల గీశాడు. అది వేళ్ళ దాకా కాలి ఆరిపోయింది. రెండోది గీశాడు. అదీ అంతే.

"లేదు," అన్నాడు ఎకేకోతో గట్టిగా. "అందరూ చెప్పినప్పుడల్లా మానాను, అందరూ అడిగినప్పుడల్లా తాగాను. ఇది మాత్రం నేను తాగను. నా అంతట నేనే తాగను. ఏంచేస్తావో చేసుకో."

తలుపు బార్లా తెరిచాడు. వెలిగించని సిగరెట్ ఎత్తి పట్టుకుని వాకిలి మధ్యకి నడిచాడు.

"వినండి! పొద్దుటి సిగరెట్ తాగింది నేను. నికోలాసక్కది తాగింది నేను. టాక్సీది, ఆవుది, కవలలది, అన్నీ నేనే. ఆరు. ఈ ఏడోది తాగను. మాస్టారూ, మీ షరతు మీరు కానివ్వండి. నేనేం బతిమాలను."

నికోలాసా గొంతు సన్నగా వినబడింది. "అయితే నా ఇల్లు?"

"నన్ను తిట్టక్కా. ఆయన్ని ఏమీ అనకు. పాపం, ఆయన ముట్టనైనా ముట్టలేదు."

"అబద్ధం!" ప్రిమితీవా చేతికర్ర నేలకేసి కొట్టింది. "తూబా భయంతో మతి చెడి వాగుతున్నాడు! మా ఎకేకో తాగాడు! నా కళ్ళతో చూశాను!"

"అత్తయ్యా, మట్టిబొమ్మ ఎలా తాగుతాడు? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తాగాడా?"

"ఎప్పుడూ తాగలేదు! అందుకే కదరా మహిమ అన్నాను! ఒక్క దమ్ము లాగితే ఒట్టు! నాకు తెలియదా? శుక్రవారం శుక్రవారం ఆ సగం తాగేది నేనే అయితే!"

ముసలమ్మ తన మాటలు తనే విన్నది. ఇంకొకరైతే తల దించుకునేవారు. ఆమె టోపీ సర్దుకుని నడుం మీద చెయ్యేసింది.

"అవును, తాగాను. ముప్ఫై ఏళ్ళుగా తాగుతున్నాను. ఏం? ఎవడబ్బ సొమ్ము? వారానికి సగం. మా ఆయన పోయిన రోజు మొదలెట్టాను. మీ అందరి కోరికలూ ఆ మట్టివాడు మోస్తున్నాడు, నాది ఎవరు మోస్తారు? డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి, ఇంక నన్నెవరు ఆపుతారో రండి, చూస్తాను!"

ఎవరూ ముందుకు రాలేదు. వచ్చింది ఒక్క బసీలియా. ఖాళీ కుండల బండి తోసుకుంటూ గుమ్మంలో ఎప్పుడు నిలబడిందో, చివరి మాటలు మొత్తం విన్నది. చార్జింగ్ తీగ ఆమె మెడలో దండలా వేలాడుతోంది. తల్లిని చూసింది, మొగుణ్ణి చూసింది, తెరిచిన తలుపులోంచి ఎకేకోని చూసింది.

"అయితే ఈ ఇంట్లో నేను కాక పొగ తాగనిది ఆ బొమ్మ ఒక్కటే అన్నమాట," అంది.

ముందుగా ఎవరు నవ్వారో తెలియదు. నికోలాసా అయి ఉండాలి, ఎందుకంటే ఏడుస్తూనే నవ్వింది. తరవాత వాకిలి మొత్తం పగలబడి నవ్వింది. ఫ్రోయిలాన్ తన సిగరెట్ తనకి తిరిగిచ్చెయ్యమని గొడవ పెట్టాడు. మాంసం కొట్టాయన అల్లుణ్ణి తన్నాలా అత్తని తన్నాలా అని పక్కవాణ్ణి సలహా అడిగాడు. మాస్టరొక్కడే నవ్వలేదు. తన గుసగుస వాకిలంతా వినబడిందని ఆయనకి అప్పుడే ఎవరో చెప్పినట్టున్నారు, చెవులు ఎర్రబడ్డాయి.

"ఆరా?" అన్నాడు జెనోబియోతో.

"ఆరు."

"ఎలా ఉన్నాయి?"

"గోనెసంచి తగలబెట్టినట్టున్నాయి మాస్టారూ. ఇంక జన్మలో ముట్టను. మీరు చెప్పారని కాదు."

మాస్టరు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పొద్దున ఆరింటికి రా. నడిమి చోటులోనే నిలబడు. కానీ గుమెర్సిందో పక్కనే ఖాళీ చేతులతో నడుస్తాడు. నీ ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ తూబా దించి వాడికిచ్చెయ్. దించావంటే మళ్ళీ ఎత్తక్కర్లేదు. వచ్చే ఏడూ ఎత్తక్కర్లేదు."

శనివారం జెనోబియో తూబా ఎత్తుకున్నాడు. కాఫీ రంగు కోటు, తళతళలాడే ఇత్తడి, ఎముకలు కొరికే చలి. పేటంతా మొరెనాద నాట్యపు తాళానికి ఊగుతోంది. ముందు వందలమంది నాట్యగాళ్ళు బరువైన అడుగులు వేస్తూ వెళ్తుంటే, వెనక బ్యాండు వాళ్ళని నెట్టుకుంటూ పోతోంది. మొదటి రెండు గంటలు జెనోబియో ఏ లోటూ రానివ్వలేదు. మూడో గంటలో ఛాతీలో ఎవరో ఇసుక పోస్తున్నట్టు అనిపించింది. నాలుగో గంటలో ఆ ఇసుక గొంతు దాకా వచ్చింది. పక్కన గుమెర్సిందో చేతులు నలుపుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా "బావా, అందుకోమంటావా?" అని అడుగుతున్నాడు.

"నీ చేతులు నీ జేబులో పెట్టుకో," అన్నాడు జెనోబియో, స్వరానికీ స్వరానికీ మధ్య.

అయిదో గంట దాటాక దారి ఎత్తుకి తిరిగింది. అక్కడ ఊపిరి అయిపోయింది. తగ్గడం కాదు, పూర్తిగా అయిపోయింది. నోరు తూబాకి ఆనించే ఉంది గానీ లోపల ఊదడానికి ఏమీ లేదు. కళ్ళ ముందు నల్లటి చుక్కలు. గుమెర్సిందో రెండు చేతులూ చాచాడు. అందరూ చూస్తున్నారు. బసీలియా చూస్తోంది, అత్తగారు చూస్తోంది, అద్దెకొంప నికోలాసా జెండా ఊపుతూ చూస్తోంది.

జెనోబియో తూబా దించలేదు. బుగ్గలు పూరించాడు. వేళ్ళు మీటల మీద ఎక్కడ పడాలో అక్కడ పడుతూనే ఉన్నాయి. భుజాలు ఎక్కడ లేవాలో అక్కడ లేచాయి. అటూ ఇటూ ఉన్న రెండు తూబాలూ అతని వేళ్ళు చూసి ఊదాయి. అతని తూబాలోంచి మాత్రం చీమ తుమ్మినంత చప్పుడైనా రాలేదు. అలా ఒక వీధి, ఇంకో వీధి, ఆఖరి వీధి. ముందు నడుస్తున్న మాస్టరు వీపు అతనికి కనబడుతూనే ఉంది. ఆ వీపు ఒకసారి బిగుసుకుంది. ఆయన వెనక్కి తిరగబోయాడు, తిరగలేదు. కర్ర ఇంకా పైకెత్తి తాళం వేస్తూ నడిచాడు.

ఊరేగింపు ముగిశాక జెనోబియో గోడకి ఆనుకుని కూచున్నాడు. తూబా ఒళ్ళోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. మాస్టరు వచ్చి ముందు నిలబడ్డాడు. చెమట తుడుచుకున్నాడు. గుమెర్సిందో వైపు ఒకసారి చూశాడు.

"ఆఖరి మూడు వీధుల్లోనూ," అన్నాడు, "నీది ఒక్క స్వరం కూడా తప్పు పోలేదు."